వీరగల్లూ, భారతం మిట్టా

చిత్తూరు మండలపు పడమటి మెట్టసీమలో చూడదగిన చారిత్రక స్థలాలేవని అడిగితే చెప్పడానికి ఒక జాబితా ఎప్పుడూ సిద్ధంగానే వుంటుంది. గుర్రంకొండ కోట, దానిలోని రంగీన్ మహలు, పుంగనూరు జమీందార్ల నగరు, సోంపాలెం చెన్నకేశవాలయంలోని విజయనగరకాలపు చిత్రాలు, కుప్పం దగ్గరి కంగుంది దుర్గం, 1919లో రవీంద్రనాథ ఠాకూరు విడిది చేసి తన "జనగణమన"ను ఇంగ్లీషులోకి మార్చిన మదనపల్లె కళాశాల – ఇవీ ఆ జాబితాలోనివి. వీటిలో ఏదీ కాపాడదగనిదని ఎవరూ అనరు. కాని జాబితాను నిదానంగా చదివితే ఒక సంగతి స్ఫురించక మానదు. మదనపల్లె కళాశాలను మినహాయిస్తే మిగిలినవన్నీ పన్ను వసూలు చేసినవారి సొమ్ముతో, వారి పేరుతో లేచిన కట్టడాలు. పన్ను కట్టినవారు వెయ్యేళ్లకు పైగా ఈ నేల మీద బతికి తమదంటూ ఏమీ మిగల్చలేదా అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

జవాబు వెంకటగిరికోట చుట్టుపట్ల పొలాల గట్ల మీదా, వూళ్ల వెలుపలి మైదానాలలోనూ వున్నది. దానిని వెతకడం కోసమే ఈ వ్యాసం.

వెంకటగిరికోట తెలుగు, తమిళ, కన్నడ దేశాలు మూడూ కలిసే మూల. పడమట కోలారు బంగారు గనులు, తూర్పున కనుమ దిగితే గుడియాత్తం, ఉత్తరాన పలమనేరు, దక్షిణాన కుప్పం. మైసూరు మెట్ట నుండి దిగివచ్చే సేనలకూ, ఆర్కాటు మైదానం నుండి ఎక్కిపోయే సేనలకూ ఈ కనుమలే దారులు. 1768లో ఇంగ్లీషు కంపెనీ సేన హైదరాలీ మీదికి పోతూ ఈ కోటను పట్టుకుని, ఆ తర్వాతనే ముళబాగలు, కోలారుల మీదికి నడిచింది. హైదరు 1782 డిసెంబరులో చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలో కన్నుమూశాడు. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ మొగిలి కనుమ ఎక్కి పలమనేరు మీదుగా బెంగుళూరుకు పోయాడు. మన చరిత్ర పుస్తకాలలో ఈ సీమ ప్రస్తావన సాధారణంగా ఇంతటితో సరి. అది సేనలు నడిచిన దారి మాత్రమే. ఆ సేనలకు ఎడ్లనూ గడ్డినీ గింజలనూ ఎవరు పోశారో, పోసిన తర్వాత ఏమి తిని బతికారో రాయవలసిన అవసరం ఆ చరిత్రకారులకు కలగలేదు.

అంతకంటె ఎంతో పాత కాలానికి పోతే విచిత్రంగా పరిస్థితి మెరుగుగా కనిపిస్తుంది. 8, 9, 10 శతాబ్దాలలో ఈ మెట్టసీమ బాణులూ, నొళంబులూ, పశ్చిమ గాంగులూ, వైదుంబులూ పెనుగులాడుకున్న రంగం. వైదుంబుల రాజధాని మదనపల్లె పక్కనున్న చిప్పిలి. సోరెమడి అనే చోట ఈ వంశాల మధ్య జరిగిన పోరును పేర్కొనే వీరగల్లులు ఒకటికి మించి దొరికాయి. పుంగనూరు, పలమనేరు, మదనపల్లె తాలూకాలు శాసన పరిశోధకులకు వీరగల్లుల పుట్టిళ్లు. కొన్ని తెలుగులోనూ, కొన్ని కన్నడంలోనూ, కొన్ని తమిళంలోనూ వున్నాయి. ఆనాడు ఈ సీమలో రాతిపని చేసేవాడు ఎవరి భాషలో చెప్పమంటే ఆ భాషలో చెక్కేవాడన్నమాట.

ఈ రాళ్లలో విశేషమేమిటి? దానశాసనం రాజు బిరుదులతో ప్రారంభమై, బ్రాహ్మణుని గోత్రంతో నడిచి, దానాన్ని చెరిచినవానికి శాపంతో ముగుస్తుంది. వీరగల్లులో రాజు రెండు ముక్కలలో వచ్చిపోతాడు, ఫలానా రాజు ఏలుతుండగా అని. తర్వాత వచ్చేది ఫలానా వాని కొడుకు, ఫలానా వాని బంటు, ఫలానా వూరి పసులను శత్రువులు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చాడన్న వార్త. కింద కత్తీ విల్లూ పట్టిన మనిషి బొమ్మ. కొన్నిటి మీద పసుల బొమ్మలు. కొన్నిటి మీద వానిని స్వర్గానికి మోసుకుపోయే అప్సరసలు. ఆ కాలంలో రాజూ కాక, మంత్రీ కాక, దానం పుచ్చుకున్న పండితుడూ కాక తన పేరు రాతి మీద నిలుపుకున్న సామాన్యుడు వీడొక్కడే. చచ్చినందుకు వాని కుటుంబానికి కొంత మడి ఇచ్చేవారు. కన్నడ శాసనాలు దానిని కల్నాడు అనీ, తర్వాతికాలంలో నెత్తరుగొడగె అనీ పిలిచాయి. నెత్తురుకు బదులిచ్చిన నేల అని అర్థం. భూమికీ ప్రాణానికీ మారకపు ధర ఇంత సూటిగా చెప్పిన మాట మరొకటి నాకు తెలియదు.

ఇక్కడ మనవారిలో కొందరికి వుండే ఉత్సాహాన్ని కొంచెం అదుపులో పెట్టవలసి వుంటుంది. వీరగల్లులోని వీరుడు ప్రజావీరుడు కాడు; అధమం ఎప్పుడూ కాడు. చాలాసార్లు అతడు ఒక దొర తరఫున మరొక దొర వూరి మీద పడి చచ్చినవాడే. అయినా పసుల కోసం చచ్చినవారి రాళ్లను అలా తోసివేయడానికి వీలులేదు. ఈ మెట్ట మీద వాన తక్కువ, సాగు చెరువుల మీద ఆధారపడింది. పసులమంద పోతే దుక్కీ ఎరువూ పాలూ అన్నీ పోతాయి. మంద కోసం ప్రాణమిచ్చినవాడు వూరి ఆస్తి కోసం ఇచ్చాడు.

(పసుల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మూడడుగుల ఎత్తుకు మించని పుంగనూరు ఆవు ఈ ఎండు మెట్టలో, ఎండు మేతతో నెగ్గుకొచ్చిన బడుగు రైతు పశువు. దాదాపు అంతరించిపోతున్న దశలో పలమనేరు పశుపరిశోధన కేంద్రం దాన్ని పెంచి నిలుపుతూ వచ్చింది. 2024 జనవరిలో ప్రధానమంత్రి తన నివాసంలో వాటికి మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా చూసింది. ఇప్పుడు దాని ధర లక్షలలో పలుకుతున్నది. నగరాలలోని భవంతుల ముంగిళ్లలో ముచ్చటకు పెంచుతున్నారు. జాతి నిలిచింది, సంతోషమే. దాన్ని తయారుచేసిన రైతు మాత్రం దాన్ని కొనలేడు.)

వీరగల్లుల గతి ఇప్పుడేమిటి? 1958 నాటి కేంద్ర చట్టమూ, 1960 నాటి రాష్ట్ర చట్టమూ వందేళ్లు దాటిన శిల్పాలను, శాసనాలను కాపాడడానికి వీలిస్తున్నాయి. చదివి అచ్చువేసిన రాళ్లు గ్రంథాలలో భద్రంగా వున్నాయి. నేల మీదున్న రాళ్ల సంగతి వేరు. కొన్ని వూళ్లలో వీరుడని పసుపూ కుంకుమా పెట్టి మొక్కుతున్నారు. ఆ రాయి బతికింది. మొక్కులేని చోట అది గట్టురాయి, బట్టలుతికే బండ, కల్వర్టు కప్పు. పురావస్తు శాఖవారి పలక చేయలేని పనిని గుప్పెడు పసుపు చేస్తున్నదన్న సత్యాన్ని హేతువాదులమైన మనం ఒప్పుకోవలసి వుంది.

రాతి మీది గోగ్రహణం ఈ సీమలో ఇంకా ఒక చోట బతికి వున్నది. అది భారతం మిట్ట.

పూర్వపు చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుడి లేక ద్రౌపదమ్మ గుడి వున్న పెద్ద వూళ్లలో ఆ గుడికి ఎదురుగానో దగ్గరలోనో ఒక ఖాళీ మైదానం వుంటుంది. దానినే భారతం మిట్ట అంటారు. ఎండాకాలంలో, సామాన్యంగా పద్ధెనిమిది రోజులు, అక్కడ మహాభారతం జరుగుతుంది. "ఆడుతారు" అని కాదు, "జరుగుతుంది" అనే అంటారు. మధ్యాహ్నం భాగవతార్ హరికథగా ఆనాటి కథ చెబుతాడు. రాత్రి అదే కథను వీధినాటక మేళం తెల్లవార్లూ ఆడుతుంది. కొన్ని ఘట్టాలు మాత్రం నాటకరంగం మీద ఇమడక వూళ్లోకి వచ్చి పడతాయి. బకాసుర వధనాడు భీముడు బండెడు అన్నంతో వీధుల వెంట తిరుగుతాడు. అర్జున తపస్సునాడు పొడవైన మాను పాతి, అర్జున వేషధారి పాడుతూ దానిమీదికెక్కుతాడు; కింద బిడ్డలు లేని స్త్రీలు తడిబట్టలతో సాగిలపడి వుంటారు; పైనుంచి అతడు విసిరే నిమ్మపండ్లనూ పూలనూ కొంగుపట్టి అందుకుంటారు. ఆఖరునాడు మిట్ట మీద మట్టితో పడుకోబెట్టిన బ్రహ్మాండమైన దుర్యోధనుని తొడను భీముడు గదతో పగలగొడతాడు; ద్రౌపది విరబోసిన జుట్టు ముడుస్తుంది. ఆ దుర్యోధనుని మట్టిని ఆడవాళ్లు పోటీపడి తీసుకుపోయి గాదెలలో వేసుకుంటారు. సాయంత్రం అగ్నిగుండం. కంకణం కట్టుకున్నవారు నిప్పులు తొక్కుతారు.

కవిత్రయ భారతం చదివినవారికి ఇది కొంత వింతగా తోస్తుంది. అందులో ద్రౌపది నిప్పులు తొక్కదు. ద్రౌపది గుడి ముందు కాపలా వుండే పోతురాజు కూడా అందులో లేడు. జుట్టు ముడిచే కథ భట్టనారాయణుని వేణీసంహారంలో నాటకమైంది కాని, ఈ మిట్టలకు అది సంస్కృతం నుంచి దిగివచ్చిందని నేననుకోను. ఈ ఆరాధనకు పుట్టిల్లు తమిళదేశంలోని సెంజి ప్రాంతమని ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1988లోనూ 1991లోనూ వెలువరించిన రెండు సంపుటాలలో నిరూపించాడు. అక్కడి కొన్ని ద్రౌపది గుళ్లలో ముత్తాల రావుత్తన్ అనే ముస్లిము వీరుడు కూడా అమ్మవారి కావలివాడు. మతాల మధ్య గోడలు కట్టాలని చూసేవారికి ఈ పాత గుడి కావలివాడు అంతగా రుచించడు. తెరుక్కూత్తు మీద రిచర్డ్ ఫ్రాస్కా 1990లో గ్రంథం ప్రచురించాడు. తెలుగు గట్టున జరిగే భారతం మీద అంతటి కృషి మనవారు చేయవలసే వున్నది. ఎస్.వి. జోగారావు 1961 నాటి యక్షగాన వాఙ్మయ చరిత్ర గ్రంథస్థమైన యక్షగానానికి గొప్ప దారిదీపం. ప్రజానాట్యమండలి నుంచి వచ్చిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి 1992లో జానపద కళారూపాలన్నిటినీ ఒక పెద్ద గ్రంథంలో గుదిగుచ్చాడు. కాని ఒక్కొక్క మేళం వద్దా వున్న పాట ఏమిటి, ఏ వూరిలో ఏ భాష ఎక్కడ మారుతుంది అన్న పని వేరు. వెంకటగిరికోట మూలలో అది మరీ ముఖ్యం. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, కోలారులో కన్నడం, పక్క వీధిలో ఉర్దూ మాట్లాడే మనుషులు తెల్లవార్లూ కూర్చుని ఒకే దుర్యోధనుణ్ణి చూసి నవ్వుతారు, తిడతారు.

ఈ భారతం ఇక్కడ ఎందుకు ఇంత గట్టిగా నాటుకున్నది? నా వూహ ఇది. దాయాదుల పోరు, పసుల దోపిడి, కోట, కావలి – ఈ కథలో వున్నవన్నీ పాలెగాళ్ల కాలపు మెట్టసీమ రైతుకు పొద్దున లేస్తే ఎదురయ్యేవే. పుంగనూరు దొరలే కోలారు సీమలోని సుగుటూరు నుంచి వచ్చిన పాలెగాళ్లు. సుగుటూరు గంగమ్మ జాతర నేటికీ వారి నగరులోనే జరుగుతుంది. తిరుపతిలో గంగమ్మ దొరవేషం వేసి దుర్మార్గుడైన పాలెగాణ్ణి చంపుతుంది. ఒక చోట దొర ఇంటి దేవత, మరొక చోట దొరను చంపిన దేవత – రెండింటి పేరూ గంగమ్మే. జనం మనసులో దొర మీద భక్తీ కసీ పక్కపక్కనే ఎలా వుండగలవో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి సాక్ష్యం అక్కరలేదు. 1800 తర్వాత కంపెనీవారు పాలెగాళ్ల సేనలను రద్దుచేశారు, కావలి హక్కులను లాక్కున్నారు. 1804–05లో చిత్తూరు పాలెగాళ్లు తిరగబడితే అణచివేశారు. కట్టుబడి బంట్లు కూలీలూ కౌలుదార్లూ అయ్యారు. చేతిలోని కత్తి పోయిన తర్వాత కర్రగద పట్టి తొడ చరిచే చోటు భారతం మిట్ట ఒక్కటే మిగిలింది.

ఉత్సవపు ఖర్చు ఎలా జరుగుతుందో చూడండి. ఒక్కొక్క రోజు ఒక్కొక్క కుటుంబానిదో కులానిదో ఉభయం. ఉభయదార్లు ఆనాటి పూజకూ మేళానికీ భోజనానికీ భరిస్తారు. మిగిలింది చందా. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందార్లు పోయినా భారతం పోకపోవడానికి కారణం ఇదే. అది దొర ముద్ద తిని బతికింది కాదు. అయితే ఈ ఉభయాల పట్టీ వూరి కులవ్యవస్థకు అచ్చంగా నకలు కూడా. ఎవరు ఏ రోజు, ఎవరు ముందు, ఎవరికి తొలి తాంబూలం అన్నది అందులో ఖాయమై వుంటుంది. కొన్ని తరాల పాటు పలక కొట్టిన దళితునికి గుడి గడప దాటే హక్కు లేదు. పలక లేనిదే ఉత్సవం లేదు. పలక కొట్టేవాడు మాత్రం ఉత్సవంలో లేడు.

కాబట్టి "జానపద సంప్రదాయాలను కాపాడాలి" అని తీర్మానించేవారు ముందుగా ఏ సంప్రదాయాన్ని అని అడిగించుకోవలసి వుంటుంది. ఇదే చిత్తూరు మండలపు తూర్పు తాలూకాలలో ఆడపిల్లలను మాతమ్మకు వదలడం కూడా సంప్రదాయమే. 1988లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చిన దాదాపు మూడు దశాబ్దాల తర్వాత కూడా, 2017లో, జాతీయ మానవహక్కుల సంఘం దాని విషయమై ప్రభుత్వానికి నోటీసు ఇవ్వవలసి వచ్చింది. జాతరలో ఆ స్త్రీల ఆటపాటలను చూసి జానపద కళ అని మురిసిపోవడం సిగ్గుమాలిన పని. అలాగే తపస్సు మాను కింద పడివుండే స్త్రీల నమ్మకం మూఢనమ్మకమే. దానికి మరో పేరు పెట్టనక్కరలేదు. గొడ్రాలని ఇంట్లో మాటలు పడే మనిషి తనలాంటివారి మధ్య ఒక రాత్రి సిగ్గుపడకుండా కూర్చోగలిగిన చోటు అదొక్కటే అయినప్పుడు ఆ నమ్మకాన్ని తిట్టి వూరుకుంటే సరిపోతుందా? ఆమెకు వైద్యమూ కావాలి, ఆ మాటలనే నోళ్లు మూతపడనూ కావాలి.

పలక సంగతి వేరు. తమిళదేశంలో చాలాచోట్ల దళితులు చావుమేళం వాయించమని ఎదురుతిరిగారు. ఆ తిరుగుబాటు న్యాయమైనది. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పును చంకన పెట్టుకుని వీధిలోకి వచ్చింది. వాద్యం అదే, దరువూ చాలావరకు అదే; వెట్టి పోయింది. వారసత్వాన్ని కాపాడడమంటే ఏమిటో మన సాంస్కృతిక శాఖల కంటె ఈ ఉద్యమం బాగా గ్రహించిందని నా అభిప్రాయం.

1943లో ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినప్పుడు కూడా ఇలాంటి పనే జరిగింది. షేక్ నాజర్ గొంతులో ఆ పాత రూపం కొత్త విషయాన్ని మోసింది. "మాభూమి" నాటకం వేలమంది రైతులను కదిలించింది. అయితే ఆ ఉద్యమం కృష్ణా గుంటూరు మండలాలలో వేళ్లూనినంతగా ఈ మెట్టసీమలో వేళ్లూనలేదు. ఇక్కడి వీధినాటకంలో, దుర్యోధనుని కొలువులో నిలబడి రాజునే వెక్కిరించగలిగిన హాస్యగాడు వున్నాడు. రాత్రి రెండు గంటలకు, జనం కునికే వేళ, వాడు వూరి పెత్తందారును పేరు చెప్పకుండా ఏకుతాడు. ఆ స్వేచ్ఛ వానికి ఎవరో ఇచ్చింది కాదు, ఆచారం వల్ల వచ్చింది. అభ్యుదయ నాటకకర్తలు ఇంతవరకు తగినంతగా వాడుకోని ఆయుధం అది.

ఇప్పుడు భారతం ఎందుకు సన్నగిల్లుతున్నది? సినిమా వచ్చిందనీ, టీవీ వచ్చిందనీ, చేతికి ఫోను వచ్చిందనీ చెప్పడం సులభం. అవి లేవని కాదు. అసలు మార్పు సేద్యంలో వచ్చింది. చెరువు కింద ఒకటి రెండు పంటలు పండించిన కాలంలో కోతలైన తర్వాత రైతుకూ కూలీకీ రెండు మూడు నెలల తీరిక వుండేది. పద్ధెనిమిది రాత్రులు మేలుకుని పగలు నిద్రపోగలిగిన తీరిక అది. బోరుబావులు వచ్చిన తర్వాత ఆ తీరిక పోయింది. వెంకటగిరికోట కూరగాయల సంత, మదనపల్లె టొమేటో మార్కెట్టు ఎండాకాలంలోనే ఎక్కువ ఒత్తిడిగా నడుస్తాయి. తెల్లవారుజామున బుట్టలు దించవలసిన మనిషి తెల్లవార్లూ కర్ణవధ చూడలేడు. పట్టుపురుగులు పెంచే ఇంట్లో నెల తిరిగేసరికి మరో పంట. పురుగుకు ఆకు తప్పితే నష్టం. భూమి లేనివారి కొడుకులు ఒకప్పుడు కోలారు గనులకు పోయేవారు. అవి 2001లో మూతబడ్డాయి. వారిప్పుడు బెంగుళూరులో కట్టడపు పనులలోనూ కాపలా పనులలోనూ వున్నారు. మేళంలో వేషాలు కట్టేది ఎక్కువగా ఈ ఇళ్లవారే. రోజుకూలి కంటె రాత్రి ఆటకు తక్కువ వస్తే ఎవడు కట్టుకుంటాడు ఆ బరువైన కిరీటమూ భుజకీర్తులూ?

అందుచేత పద్ధెనిమిది రోజులు పది అవుతున్నాయి. రాత్రి ఆట అర్ధరాత్రికి ముగుస్తున్నది. మధ్యలో పాట కచేరీ చొరబడుతున్నది. గుడి మాత్రం పెద్దదవుతున్నది. పాత రాతి మండపాన్ని సిమెంటుతో పూసి, రంగులు వేసి, దాత పేరు చెక్కుతున్నారు. భారతం మిట్టకు చుట్టూ ఇళ్ల స్థలాల ధర పెరిగింది కనుక మిట్టే చిన్నదవుతున్నది. నేను చెప్పదలచిన దానిలో అత్యవసరమైనది ఇదే. మైదానం పోతే ఆట పోయినట్లే, దుర్యోధనుణ్ణి పడుకోబెట్టడానికి నేల కావాలి. అది వూరి ఉమ్మడి భూమి. దాన్ని పంచాయతీ రికార్డులో ఆ పేరుతోనే నమోదు చేయించడానికి ఏ అకాడమీ అనుమతీ అక్కరలేదు.

2003లో యునెస్కో అమూర్త వారసత్వ ఒడంబడికను ఆమోదించింది. 2005లో మన దేశం దానిని అంగీకరించింది. ఆ జాబితాకు ఎక్కిన కళలకు కొంత మేలు జరిగిన మాట నిజం. కాని రాజధానిలో ముప్ఫై నిమిషాల ప్రదర్శనగా కుదించిన భారతంలో అగ్నిగుండముండదు, హాస్యగాడి తిట్లుండవు, గాదెలోకి పోయే మట్టి వుండదు. కుప్పంలో 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయం భారతం మిట్టల నడిబొడ్డున వున్నది. దక్షిణాది భాషలన్నిటినీ ఒకచోట చదవడానికే పుట్టిన సంస్థ అది. మూడు భాషల వీరగల్లులకూ, మూడు భాషల వీధినాటకానికీ అంతకంటె తగిన చోటు లేదు. విద్యార్థులు ఎండాకాలం సెలవులలో చేయగల పని చాలా వున్నది. వూరి వెలుపలి రాయి ఏ సర్వే నంబరులో వున్నదో రాసుకోవడం, అక్షరాలుంటే అచ్చుతీయడం, మేళం గురువుల దగ్గరున్న చేతిరాత పుస్తకాలకు నకళ్లు తీసి అసలు ప్రతి వారికే తిరిగి ఇవ్వడం, ఒక వేషగానికి ఒక రాత్రికి చేతికందేదెంతో, అందులో ప్రయాణపు ఖర్చు ఎంత పోతుందో లెక్క రాయడం. ఈ చివరి లెక్క మన జానపద గ్రంథాలలో తరచు కనిపించదు.

మరొకటి కూడా రాసుకోవాలి. వూరి ఉభయాల పట్టీని సంపాదించి, పద్ధెనిమిది రోజులకూ ఎవరెవరి పేర్లున్నాయో చూడాలి. పలక కొట్టేవారికీ, దివిటీ పట్టిన చాకలికీ, దుర్యోధనుని మట్టి పిసికినవారికీ ఒక్క రోజైనా ఉభయం వున్నదా, ఏ సంవత్సరం నుంచి వున్నది, దానికోసం ఎవరు అడిగారు, అడిగినప్పుడు వూరిలో ఏమి జరిగింది – ఇవి అడగవలసినవారిలో పెద్దవాళ్లు ఇంకా కొందరు మనకు దొరుకుతారు.